కారు బ్రేక్ కాలిపర్‌ని ఇంట్లోనే రీబిల్డ్ చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

కాలిపర్ రీబిల్డ్ అంటే ఏమేం చేస్తారు?

కాలిపర్ అంటే చక్రంతో పాటు తిరిగే డిస్క్‌ని రెండు వైపులా ప్యాడ్లతో నొక్కి ఆపే భాగం; ప్యాడ్‌ని తోసేది దానిలోని పిస్టన్. రీబిల్డ్ అంటే కాలిపర్‌ని కారు నుంచి దించి, పిస్టన్ బయటికి తీసి, పాత రబ్బరంతా పారేసి, తుప్పూ మడ్డీ వదిలించి, కొత్త సీలు (ఆయిల్ బయటికి రాకుండా పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు రింగు), కొత్త డస్ట్ బూటు (మురికి, నీళ్ళు లోపలికి పోకుండా ఆపే రబ్బరు తొడుగు) వేసి మళ్ళీ ఎక్కించడం. పిస్టన్ పాడైతే అదీ మారుస్తారు. కాలిపర్ బాడీ పోత ఇనుమో అల్యూమినియమో అయి ఉంటుంది, అది అంత తేలిగ్గా అరిగేది కాదు. గట్టిపడేది రబ్బరు, గుంటలు పడేది పిస్టన్, మురికి పేరుకునేది సీలు కూర్చునే గాడి. ఈ మూడింటిలో జనం ఎక్కువగా వదిలేసేది గాడినే. మురికి గాడిలో కొత్త సీలు వేస్తే దాన్ని రీబిల్డ్ అనలేం.

బ్రేక్ వదలగానే పిస్టన్ వెనక్కి ఎలా వస్తుంది? లోపల స్ప్రింగ్ ఏదీ లేదే?

ఆ పని సీలే చేస్తుంది. అది గుండ్రటి ఓ-రింగ్ కాదు, అడ్డంగా కోసి చూస్తే నాలుగు పలకలుగా కనిపించే రింగు. పెడల్ తొక్కినప్పుడు పిస్టన్ ముందుకు కదులుతుంది, దాన్ని గట్టిగా పట్టుకుని ఉన్న సీలు లోపలి అంచు కూడా ముందుకు ఒరుగుతుంది. కాలు తీయగానే రబ్బరు తన ఆకారానికి తిరిగి వస్తూ పిస్టన్‌ని వెనక్కి లాక్కొస్తుంది. ఆ వెనకడుగు మిల్లీమీటరులో చిన్న వంతే, అయినా డిస్క్ స్వేచ్ఛగా తిరగడానికి అది చాలు. ప్యాడ్ అరిగేకొద్దీ పిస్టన్ సీలులోంచి కాస్త జారి కొత్త చోట నిలబడుతుంది. డిస్క్ బ్రేకులను విడిగా అడ్జస్ట్ చేయనక్కర లేనిది అందుకే.

సీలు గట్టిపడితే ఒరగదు, పిస్టన్‌ని వెనక్కి లాగదు. గాడి అడుగున తుప్పు పేరుకుంటే సీలు ఒరగడానికి చోటుండదు, పైగా ఆ తుప్పు దాన్ని వెనక నుంచి పిస్టన్ మీదికి నొక్కుతుంది. కొత్త కిట్ వేశాక కూడా చక్రం వేడెక్కుతుంటే మొదట అనుమానించాల్సింది ఇదే.

కాలిపర్ పాడైందని ఎలా తెలుస్తుంది?

డ్రైవ్ చేసి వచ్చాక ఒక చక్రం మిగతావాటికన్నా బాగా వేడిగా ఉండటం, బూడిద రంగు ధూళి ఆ చక్రం మీదే ఎక్కువగా పట్టడం, జాకీ ఎత్తి తిప్పితే చక్రం బరువుగా తిరగడం, బ్రేక్ ఆయిల్ లెవెల్ ప్యాడ్ల అరుగుదలకు మించి తగ్గడం, బూటు చిరగడం, దాని అంచున తడి కనిపించడం. బూటు చిరిగితే నీళ్ళు పిస్టన్ మీదికి చేరి తుప్పు మొదలవుతుంది, కాబట్టి లీకు లేకపోయినా పని పడినట్టే.

కారు పక్కకు లాగడాన్ని జాగ్రత్తగా చదవాలి. బ్రేక్ వేయనప్పుడు కూడా లాగుతుంటే, లాగే వైపు కాలిపర్ పట్టేసి ఉండొచ్చు. బ్రేక్ వేసినప్పుడు మాత్రమే లాగుతుంటే తరచుగా దోషం ఎదుటి వైపుది: అది పని చేయక, బాగున్న వైపు ఒక్కటే చక్రాన్ని ఆపుతోంది.

లోపలి ప్యాడ్ అరిగిపోయింది, బయటి ప్యాడ్ దాదాపు కొత్తదిలా ఉంది. పిస్టన్ పోయినట్టేనా?

ముందు స్లైడ్ పిన్నులు చూడండి. ఒకవైపే పిస్టన్ ఉండే కాలిపర్‌లో పిస్టన్ లోపలి ప్యాడ్‌ని నొక్కుతుంది, దాని ఎదురు బలానికి కాలిపర్ మొత్తం పిన్నుల మీద జరిగి బయటి ప్యాడ్‌ని లాక్కొస్తుంది. పిన్నులు పట్టేస్తే పని భారమంతా లోపలి ప్యాడ్ మీదే పడుతుంది. చాలాసార్లు పిన్నులు శుభ్రం చేసి సరైన గ్రీజు పెడితే సరిపోతుంది.

కాలిపర్ విప్పకముందు బ్రేక్ హోస్ దోషం కాదని ఎలా తేల్చుకోవాలి?

పాత రబ్బరు హోస్ (కాలిపర్‌కు ఆయిల్ తెచ్చే గొట్టం) లోపలి పొర వాచిపోతే ఒత్తిడి కాలిపర్ దాకా వెళ్తుంది కానీ తిరిగి రాదు. బయటికి మాత్రం పట్టేసిన కాలిపర్‌లాగే కనిపిస్తుంది. చక్రం పట్టేసి ఉన్నప్పుడే ఆ కాలిపర్ బ్లీడర్ (గాలి తీయడానికి ఉండే చిన్న మర) వదులు చేయండి. ఆయిల్ చిమ్మి చక్రం తేలిగ్గా తిరిగితే లోపల ఒత్తిడి చిక్కుకుందని అర్థం, అంటే దోషం హోస్‌లోనో దానికి పైనో ఉంది. బ్లీడర్ తెరిచినా చక్రం బిగుసుకునే ఉంటే పిస్టనో పిన్నులో పట్టేశాయి. ఐదు నిమిషాల ఈ పరీక్ష చేయకుండా కాలిపర్ విప్పకండి.

కిట్ ఎలా ఎంచుకోవాలి?

కారు పేరు, సంవత్సరం మాత్రమే చూస్తే పొరపాటు జరుగుతుంది. ఒకే మోడల్‌లో రెండు మూడు రకాల కాలిపర్లు వచ్చిన కార్లు చాలా ఉన్నాయి. కాలిపర్ తయారీదారు ఎవరు (ఏటీఈ, గర్లింగ్, బాష్, అకెబోనో వంటి పేరు పోతలోనే ఉంటుంది), పిస్టన్ వ్యాసం ఎంత అన్నవి ఖాయం చేసుకోవాలి. చాలా కాలిపర్ల మీద 54, 57 వంటి అంకె పోతలో కనిపిస్తుంది. లేకపోతే పిస్టన్ తీశాక వర్నియర్‌తో కొలవండి. కిట్‌లో కనీసం సీలు, డస్ట్ బూటు ఉండాలి. పిన్ బూట్లు, బ్లీడర్ టోపీ, రాగి వాషర్లు కూడా ఉంటే మంచిది, లేదంటే విడిగా తెచ్చుకోండి. ఇరుసుకు రెండు వైపులా ఒకేసారి చేయాలి, కాబట్టి కిట్లు రెండు.

ఇంకా ఏమేం సిద్ధం చేసుకోవాలి?

- జాకీ, దానితోపాటు గట్టి స్టాండ్లు. జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన కారు దగ్గర చెయ్యి పెట్టొద్దు.
- ఆరు పలకల రింగ్ స్పానర్లు, సాకెట్లు. పన్నెండు పలకలవి బ్లీడర్ మూలలను తినేస్తాయి.
- టార్క్ రెంచ్ (బోల్టు ఎంత బలంతో బిగుస్తోందో చూపేది), మీ కారు సర్వీస్ మాన్యువల్‌లోని అంకెలు.
- సీలు లాగడానికి చెక్క లేదా ప్లాస్టిక్ పుల్ల.
- బ్రేక్ క్లీనర్ లేదా ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నైలాన్ బ్రష్‌లు, 1000 నంబరు నీటి ఎమరీ పేపరు.
- మూత తీయని 1 లీటరు బ్రేక్ ఆయిల్ సీసా. రెండు కాలిపర్లు నింపి, మొత్తం లైన్లు కొత్త ఆయిల్‌తో కడగడానికి సాధారణంగా సరిపోతుంది.
- ఎర్రటి రబ్బరు గ్రీజు, పిన్నులకు సిలికాన్ గ్రీజు, కళ్ళద్దాలు, నైట్రైల్ గ్లవ్స్.

బ్రేక్ ధూళిని గాలితో ఊదకండి. పాత ప్యాడ్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. క్లీనర్‌తో తడిపి తుడవండి.

కాలిపర్ దించే ముందు ఏ పనులు చేయాలి?

బ్లీడర్, బ్యాంజో బోల్టు (హోస్‌ని కాలిపర్‌కు బిగించేది) రెండూ కాలిపర్ కారు మీద ఉండగానే ఒకసారి వదులు చేసి మళ్ళీ మెల్లగా బిగించండి. దించాక బల్ల మీద వాటికి పట్టు దొరకదు. బ్లీడర్ కదలకపోతే బలం పెట్టొద్దు, మధ్యలో రంధ్రం ఉన్న సన్నటి మర అది, ఇట్టే తెగుతుంది. తుప్పు వదిలించే ద్రవం మర మొదట్లో వేసి రాత్రంతా వదలండి, తర్వాత స్పానర్‌తో బిగించే వైపుకీ విప్పే వైపుకీ కొద్దికొద్దిగా ఆడించండి.

హోస్ ఊడదీశాక ఆయిల్ కారిపోకుండా ఒక ఉపాయం: ముందే పెడల్‌ని 3–4 సెంటీమీటర్లు నొక్కి, సీటుకూ పెడల్‌కూ మధ్య కర్ర ఆనించండి. మాస్టర్ సిలిండర్‌లో (పెడల్ తొక్కుడుని ఆయిల్ ఒత్తిడిగా మార్చే భాగం) రిజర్వాయర్ (ఆయిల్ డబ్బా) నుంచి వచ్చే దారి మూసుకుపోయి కారడం ఆగుతుంది. బ్రేక్ లైట్లు వెలుగుతూనే ఉంటాయి కాబట్టి బ్యాటరీ వైరు తీసేయండి. రిజర్వాయర్ ఎండిపోతే ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) యూనిట్‌లోకి గాలి వెళ్తుంది, దాన్ని తీయడానికి కొన్ని కార్లకు స్కాన్ టూల్ (కారు కంప్యూటర్‌కు తగిలించే పరికరం) కావాలి.

కాలిపర్‌ని ఎప్పుడూ హోస్ మీద వేలాడదీయకండి, తీగతో సస్పెన్షన్ స్ప్రింగుకు కట్టండి. ఎడమ, కుడి కాలిపర్ల మీద గుర్తు పెట్టండి.

పిస్టన్ బయటికి తీయడానికి మంచి పద్ధతి ఏది?

కారు సొంత హైడ్రాలిక్స్. హోస్ ఊడదీయకముందే, పెడల్‌కు కర్ర పెట్టకముందే ఈ పని చేయండి. ప్యాడ్లు తీసి, కాలిపర్ నోట్లో 15–20 మిల్లీమీటర్ల చెక్క ముక్క పెట్టి, ఒకరు పెడల్‌ని నెమ్మదిగా తొక్కుతుంటే పిస్టన్ బయటికి వస్తుంది. చెక్కకు తగలగానే ఆపండి. అప్పటికి మిగిలింది చేత్తో ఆడించి తీసేయొచ్చు. ఒక వైపు చేసేటప్పుడు రెండో వైపు కాలిపర్ ప్యాడ్లతో సహా బిగించే ఉండాలి. లేకపోతే తేలిగ్గా కదిలే పిస్టన్ ముందు ఊడి, ఒత్తిడి పోయి, పట్టేసింది అలాగే ఉండిపోతుంది. ఒకే కాలిపర్‌లో రెండు పిస్టన్లున్నా ఇదే సంగతి: వదులుగా ఉన్నదాన్ని సి-క్లాంపుతో ఆపి, బిగుసుకున్నదాన్ని ముందు కదిలించాలి.

హోస్ ఇప్పటికే తీసేసి ఉంటే కంప్రెసర్ గాలి వాడొచ్చు, కానీ లెక్క ఎరిగి వాడాలి. 54 మిల్లీమీటర్ల పిస్టన్ ముఖం వైశాల్యం దాదాపు 23 చదరపు సెంటీమీటర్లు. 2 బార్ (గాలి ఒత్తిడి కొలత) గాలి పెడితే దాని వెనక సుమారు 47 కిలోల తోపు ఉంటుంది. ట్యాంకులోని 7 బార్ మొత్తం వదిలితే 160 కిలోలు దాటుతుంది. పట్టు వదిలిన క్షణంలో పిస్టన్ తూటాలా వస్తుంది. కాబట్టి 1 బార్‌తో మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పెంచండి, నోట్లో చెక్క ముక్క, పైన మందపాటి గుడ్డ ఉండాలి. చూడటానికి కూడా వేళ్ళు లోపల పెట్టొద్దు.

రెండూ పని చేయకపోతే గ్రీజు గన్. బ్లీడర్ మరకు సరిపోయే నిపుల్ బిగించి, బ్యాంజో రంధ్రం మూసేసి గ్రీజు ఎక్కిస్తే ఎంత మొండి పిస్టనైనా కదులుతుంది, గాలిలాగా పేలదు. ఆ గ్రీజు ప్రతి రంధ్రంలోంచీ పూర్తిగా కడిగేయాలి, ఇసుమంత మిగిలినా కొత్త సీలు ఉబ్బిపోతుంది.

ప్లయర్స్‌తో పిస్టన్ పక్కలను మాత్రం పట్టుకోకండి. ఆ గీత సీలు దగ్గరికి చేరితే అది పారేయాల్సిన పిస్టనే.

పిస్టన్ మళ్ళీ వాడొచ్చా?

శుభ్రంగా తుడిచి, వెలుతురులో తిప్పుతూ గోరు మెల్లగా నడిపించండి. గోరు తట్టుకుంటే గుంట ఉన్నట్టు. సీలు జారే భాగంలో గుంట గానీ, క్రోమ్ పూత పొర లేవడం గానీ కనిపిస్తే కొత్త పిస్టన్ వేయండి. ఎమరీతో రుద్ది క్రోమ్‌ని బాగుచేయలేం, పూత పోయిన చోట తుప్పు ఇంకా త్వరగా వస్తుంది. గోధుమ రంగు మరకలు మాత్రమే ఉంటే మెత్తటి నైలాన్ ప్యాడుతో పోతాయి. కొన్ని కార్లలో పిస్టన్ లోహం కాదు, ఫినాలిక్ అనే గట్టి ప్లాస్టిక్. దానికి తుప్పు రాదు కానీ అంచులు పెళుసుగా విరుగుతాయి, పగులు కనిపిస్తే మార్చాల్సిందే.

గాడిని ఎలా శుభ్రం చేయాలి? ఎంత శుభ్రంగా ఉండాలి?

సీలుని చెక్క పుల్లతో లేపి తీయండి, స్క్రూడ్రైవర్ మొన గాడి అంచుని గీస్తుంది. తర్వాత టార్చ్ వేసి చూస్తే గాడి అడుగున ఇనుప కాలిపర్‌లో నల్లటి లేదా ఎర్రటి పెచ్చు, అల్యూమినియం కాలిపర్‌లో తెల్లటి పొడిలాంటి పెచ్చు కనిపిస్తుంది. అది మెరవనక్కర లేదు, కానీ పూర్తిగా వదలాలి. గాడి వెడల్పుకు సరిపోయేలా కోసిన ప్లాస్టిక్ పుల్లకు నైలాన్ స్క్రబ్ ముక్క చుట్టి, క్లీనర్‌తో తడిపి, చుట్టూ తిప్పుతూ రుద్దండి. మూలల్లో పళ్ళు తోముకునే బ్రష్ బాగా పనికొస్తుంది. ఒకటికి నాలుగుసార్లు తుడిచి, తెల్లటి గుడ్డ మొనతో గాడంతా తిప్పితే గుడ్డకు రంగు అంటకూడదు. డస్ట్ బూటు కూర్చునే గాడికీ ఇదే వర్తిస్తుంది. అక్కడ తుప్పు ఉంటే బూటు అంచు కూర్చోదు, నీళ్ళు మళ్ళీ లోపలికి దారి చేసుకుంటాయి.

బోరు (పిస్టన్ కదిలే రంధ్రం) గోడల మీద ఉన్న చిన్న మచ్చల గురించి చాలామంది అనవసరంగా బెంగపడతారు. సీలు గాడిలో ఉండే కాలిపర్‌లో ఒత్తిడి ఆపేది పిస్టన్ మీది నునుపు, గోడ కాదు. గోడకు 1000 నంబరు ఎమరీని బ్రేక్ ఆయిల్‌తో తడిపి చుట్టూ తేలిగ్గా తిప్పి, బాగా కడిగితే చాలు. గాడిలోనే లోతైన గుంటలుంటే మాత్రం ఆ బాడీని వదులుకోండి.

చివరగా బ్యాంజో రంధ్రం, బ్లీడర్ రంధ్రం లోపలి దారుల్లో క్లీనర్ చిమ్మి, గాలితో ఆరబెట్టండి. కొత్త రబ్బరు వేసేటప్పటికి క్లీనర్ చుక్క కూడా మిగలకూడదు.

సీలుకు ఏ గ్రీజు పూయాలి? ఇంజన్ ఆయిల్ కొంచెం రాస్తే ఏమవుతుంది?

సీలు పాడవుతుంది. బ్రేక్ ఆయిల్ పేరులో ఆయిల్ ఉందే గానీ డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 అనే రకాలు ఖనిజ నూనెలు కావు, గ్లైకాల్ ఆధారితమైనవి. వాటికి తగ్గట్టు సీళ్ళను ఈపీడీఎం రబ్బరుతో చేస్తారు. ఆ రబ్బరుకు ఇంజన్ ఆయిల్, పెట్రోల్, కిరోసిన్, డీజిల్, మామూలు బేరింగ్ గ్రీజు ఏది తగిలినా ఉబ్బి మెత్తబడుతుంది. సీలుకూ పిస్టన్‌కూ తాజా బ్రేక్ ఆయిల్ చాలు. బూటు లోపల పలుచగా ఎర్రటి రబ్బరు గ్రీజు పూస్తే పిస్టన్‌కు తుప్పు నుంచి రక్షణ.

కొత్త సీలు, బూటు, పిస్టన్ ఎక్కించే వరస ఏమిటి?

సీలుని బ్రేక్ ఆయిల్‌లో ముంచి గాడిలో పెట్టండి. వేలితో చుట్టూ తడిమి ఎక్కడా మెలిక పడలేదని చూసుకోండి. పైకి కనిపించకపోయినా మెలికని వేలు పట్టేస్తుంది.

బూట్లు రెండు మూడు రకాలు. బోరు అంచు గాడిలో కూర్చునే రకానికి తేలికైన దారి ఇది: బూటుని పిస్టన్ వెనక వైపు నుంచి ఎక్కించి, దాని బయటి అంచు పిస్టన్ అడుగుకు కాస్త కిందికి వేలాడేలా ఉంచండి. పిస్టన్‌ని బోరుకు పైన నిలబెట్టి, వేలాడే అంచుని ముందు బోరు గాడిలో చుట్టూ కూర్చోబెట్టండి. తర్వాతే పిస్టన్‌ని లోపలికి దించండి. బయట ఇనుప రింగు ఉన్న బూటైతే ముందు పిస్టన్ దించి, సరిపోయే సైజు పైపు ముక్కతో రింగుని సమంగా కొట్టి కూర్చోబెట్టాలి.

పిస్టన్‌ని రెండు బొటనవేళ్ళతో నిటారుగా నొక్కండి. సీలు దగ్గర కాస్త ఆగి, తర్వాత మెత్తగా, ఒకే బిగువుతో దిగాలి. ఒకవైపు వాలి ఆగితే క్లాంపు తెచ్చి నొక్కొద్దు, బయటికి తీసి మళ్ళీ పెట్టండి. ఎన్నిసార్లు చేసినా చేత్తో దిగకపోతే సీలు సైజు తప్పయినా అయి ఉండాలి, గాడిలో ఇంకా పెచ్చు అయినా ఉండాలి.

స్లైడ్ పిన్నులకు గ్రీజు ఎంత పెట్టాలి?

పలుచటి పొర. పిన్ను రంధ్రం నిండా గ్రీజు కూరితే గాలి బయటికి పోక పిన్ను పిచికారీలా వెనక్కి తన్నుతుంది. రెండు పిన్నుల్లో ఒకదానికి రబ్బరు తొడుగు ఉంటే అది పైదో కిందిదో విప్పేటప్పుడే ఫొటో తీసుకోండి. మార్చి వేయకూడదు.

ప్యాడ్లు కూర్చునే బ్రాకెట్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. స్టీలు క్లిప్పుల కింద తుప్పు ఉబ్బి క్లిప్పుని పైకి లేపుతుంది, ప్యాడ్ చెవులు ఇరుక్కుంటాయి. క్లిప్పులు ఊడదీసి, తుప్పుని వైర్ బ్రష్‌తో, ఆకురాయితో లోహం కనిపించేదాకా తీయండి. ప్యాడ్లు వేళ్ళతో తోస్తే జరగాలి. అక్కడ రంగు వేయొద్దు.

వెనక కాలిపర్లకు తేడా ఏమిటి?

హ్యాండ్ బ్రేక్ కాలిపర్‌లోనే ఉంటే పిస్టన్ లోపల మర ఉంటుంది. దాన్ని క్లాంపుతో నొక్కితే మర విరుగుతుంది. తిప్పుతూ విప్పాలి, తిప్పుతూనే లోపలికి పంపాలి. ఎక్కువ కార్లలో లోపలికి కుడివైపు తిరుగుతుంది, కొన్నింటిలో ఒక వైపు కాలిపర్ తిరగేసి ఉంటుంది. చివరికి పిస్టన్ ముఖం మీది గంటు ప్యాడ్ వెనక ఉన్న బుడిపెకు ఎదురుగా రావాలి. హ్యాండ్ బ్రేక్ లివరు ఇరుసు దగ్గర లీకుంటే లోపల ఇంకో చిన్న ఓ-రింగ్ మార్చాలి, అది చాలా కిట్లలో రాదు. మొదటిసారి చేసేవాళ్ళు ముందు చక్రాల కాలిపర్లతో మొదలుపెట్టడం మేలు. ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేక్ ఉంటే విప్పకముందే దాన్ని సర్వీస్ మోడ్‌లో పెట్టాలి.

నాలుగు పిస్టన్ల కాలిపర్ రెండు సగాలూ విడదీయాలా?

అవసరం లేకపోతే వద్దు. మధ్యలోని సీళ్ళు, బోల్టుల టార్కు దొరికితేనే విడదీయండి.

ఎంత టార్కుతో బిగించాలి?

మాన్యువల్ అంకే చివరి మాట. మీ రెంచ్ తప్పు చూపిస్తోందేమో పోల్చుకోవడానికి మాత్రం: చాలా కార్లలో బ్లీడర్ 7–12, బ్యాంజో బోల్టు 20–40, స్లైడ్ పిన్ బోల్టులు 25–35 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల ఉంటాయి. బ్రాకెట్ బోల్టులు 100 చుట్టూ. బ్యాంజోకు రెండు వైపులా కొత్త రాగి వాషర్లు వేయండి, పాతవి ఒకసారి నలిగి గట్టిపడ్డాయి కాబట్టి మళ్ళీ సరిగా మూయవు. హోస్ మెలి తిరగకుండా చూసి, స్టీరింగ్ రెండు చివరలకూ తిప్పి ఎక్కడా రాసుకోవడం లేదని నిర్ధారించుకోండి.

గాలి ఎంత తీసినా పెడల్ మెత్తగానే ఉంది. ఎందుకు?

ముందు బ్లీడర్ ఎక్కడుందో చూడండి. అది కాలిపర్ పైభాగాన ఉండాలి. ఎడమ, కుడి కాలిపర్లు తారుమారైతే బ్లీడర్ కిందికి వస్తుంది, పైన చిక్కిన గాలి రోజంతా కూర్చున్నా రాదు. ఈ పొరపాటు చాలా మామూలు.

అది సరిగ్గా ఉంటే పద్ధతి చూడండి. బ్లీడర్‌కు పారదర్శక గొట్టం తగిలించి, రెండో చివర ఆయిల్ ఉన్న సీసాలో ముంచండి. ఒకరు పెడల్ తొక్కి పట్టుకోవాలి, మీరు బ్లీడర్ తెరిచి మూశాకే వాళ్ళు కాలు ఎత్తాలి. ముందు మూయకుండా కాలు ఎత్తితే గాలి తిరిగి లోపలికే వెళ్తుంది. పాత కారైతే పెడల్ కింద చెక్క ముక్క పెట్టి, అది నేల దాకా పోకుండా ఆపండి. మాస్టర్ సిలిండర్‌లో ఎన్నడూ వాడని భాగంలో తుప్పుంటే దాని సీళ్ళు చీరుకుపోతాయి. ఏ చక్రం ముందన్నది మాన్యువల్ చూసి చేయండి, చాలావాటిలో మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్నది మొదలు. ప్రతి పది తొక్కుళ్ళకూ రిజర్వాయర్ చూడండి.

డాట్ 3, డాట్ 4, డాట్ 5 కలపొచ్చా?

డాట్ 3, 4, 5.1 కలిసిపోతాయి, కానీ రిజర్వాయర్ మూత మీద రాసిన రకానికి తగ్గకూడదు. నీరు చేరని స్థితిలో వాటి కనీస మరుగు స్థానాలు వరసగా 205, 230, 260 డిగ్రీల సెల్సియస్. నీరు పీల్చుకున్నాక డాట్ 3 ది 140కి పడిపోవచ్చు, అందుకే ఎప్పుడో తెరిచిన సీసా వాడొద్దు. డాట్ 5 సిలికాన్ రకం, దేనితోనూ కలపకండి.

కారు కదిలించే ముందు ఏం చూడాలి?

పెడల్ గట్టిపడేదాకా తొక్కుతూనే ఉండాలి. ఇది మరచిపోతే మొదటి బ్రేకుకే పెడల్ నేలకు పోతుంది, ఎందుకంటే పిస్టన్లు ఇంకా వెనకే ఉన్నాయి. తర్వాత ఇంజన్ స్టార్ట్ చేసి, పెడల్‌ని ఒక నిమిషం గట్టిగా నొక్కి పట్టండి. మెల్లగా దిగిపోతే ఎక్కడో లీకుంది. బ్యాంజో, బ్లీడర్, బూటు అంచు పొడి గుడ్డతో తుడిచి చూడండి. అంతా పొడిగా ఉంటేనే ఖాళీ చోట నడక వేగంతో రెండు మూడుసార్లు ఆపి చూసి, ఆ తర్వాత రోడ్డెక్కండి.

పది నిమిషాల డ్రైవ్ తర్వాత ఎడమ, కుడి చక్రాల వేడి పోల్చండి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే డిస్క్ మీద కొలవండి, లేకపోతే చక్రానికి దగ్గరగా అరచెయ్యి పెట్టండి, డిస్క్‌ని ముట్టుకోవద్దు. వారం తర్వాత చక్రాలు తీసి మళ్ళీ చూడండి. బ్లీడర్ టోపీ కింద కాస్త తడి ఉంటే అది గాలి తీసినప్పుడు మిగిలిన ఆయిలే కావచ్చు. తుడిచి రెండు రోజులాగి మళ్ళీ చూడండి. బూటు లోపల తడి కనిపిస్తే మాత్రం అది సీలు లీకు, కాలిపర్ మళ్ళీ దించాల్సిందే. రంగు మీద బ్రేక్ ఆయిల్ పడితే వెంటనే ధారాళంగా నీళ్ళు పోయండి, తుడిస్తే రంగుతో సహా ఊడొస్తుంది.